సోయా సాస్‌లో నీళ్ళు పోస్తే సోబా సాస్ అయిపోదు

ఈ మధ్య ఒక వీడియో గ్రూపుల్లో తెగ తిరుగుతోంది, నాకే నలుగురు పంపారు. చల్లటి సోబా నూడుల్స్‌ని ముంచుకు తినే జపనీస్ సాస్ రెండు నిమిషాల్లో ఇంట్లోనే చేసేయొచ్చట. మూడు స్పూన్ల డార్క్ సోయా సాస్, ఒక స్పూన్ వెనిగర్, కాస్త పంచదార, చల్లటి నీళ్ళు, అంతే. పైగా బోనస్‌గా కొన్ని సలహాలు: దాషి (జపనీస్ వంటలకి ఆధారమైన పల్చటి కట్టు) అంటే అజినోమోటో నీళ్ళే, విషం, కొంబు అనే సముద్రపు నాచు వేయాలనుకుంటే అరగంట మరిగించండి, సీసాలో దొరికే సాస్ ప్యూర్ వెజ్, చేసి పెట్టుకుంటే ఫ్రిజ్‌లో ఆరు నెలలు ఉంటుంది. వీటిలో రెండు మాటలు సగం నిజం. మిగతావి పూర్తిగా తప్పు.

ముందు ఆ వెనిగర్ సంగతి. సోబాకి చేసే ఈ సాస్‌ని త్సుయు అంటారు, అందులో వెనిగర్ వేయరు. సోయా సాస్‌లో వెనిగర్ కలిపేది గ్యోజా అనే మోమోల్లాంటి వాటికి, నారింజ నిమ్మ జాతి పళ్ళ రసం పోసేది పొంజు అనే ఇంకో సాస్‌కి. వీడియో చేసినాయన ఎక్కడో చూసినవన్నీ ఒకే గ్లాసులో పోసేశాడు. త్సుయు రెండు వస్తువులు కలిస్తే తయారవుతుంది: సోయా సాస్, మిరిన్ అనే తియ్యటి బియ్యపు వంట సారా, పంచదార కలిపి కాచి పెట్టుకునే కయెషి ఒకటి, ఆ కొంబుతోనూ కత్సువోబుషి అనే ఎండు చేప తరుగుతోనూ తీసే దాషి ఇంకొకటి. ఒక వంతు కయెషికి సుమారు మూడు వంతుల దాషి పోస్తారు, అంటే గిన్నెలో ముప్పావు వంతు దాషే. అది తీసేసి నీళ్ళు పోయడమంటే చింతపండూ పప్పుకట్టూ లేకుండా వేడినీళ్ళలో చారుపొడి కలుపుకుని చారు అనుకోవడమే.

"ఏ సోయా సాస్ అయినా ఒకటే" అని కూడా అన్నాడు. కాదండీ. మనం మంచూరియాకి కొనే డార్క్ సోయా సాస్ ముఖ్యంగా రంగు కోసం, చాలా సీసాల్లో కారమెల్ రంగు కలిపి ఉంటుంది. టోక్యో వైపు త్సుయుకి వాడేది కొయికుచి, సోయా గింజలూ గోధుమా దాదాపు సమానంగా వేసి పులియబెట్టినది, టోక్యో పక్కనున్న చిబా ప్రాంతంలోని నోడా, చోషి ఊళ్ళు దీనికి పేరు. అది దొరక్కపోతే లేబుల్ మీద సోయా, గోధుమ, ఉప్పు, నీళ్ళు తప్ప పెద్దగా ఏమీ లేని సాస్ చూసుకోండి. రంగు చూసి ఉప్పు అంచనా వేయకండి, లేత రంగులో ఉండే ఉసుకుచిలో ఉప్పు సుమారు 18 శాతం, ముదురు కొయికుచిలో 16.

ఇక అజినోమోటో. నాకు ఎక్కువ ఒళ్ళు మండింది ఇక్కడే, ఎందుకంటే కథ మొత్తం తిరగేసి చెప్పాడు. దాషి అజినోమోటోలోంచి రాలేదు, అజినోమోటోయే దాషిలోంచి వచ్చింది. 1908లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో కికునాయె ఇకెడా అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ కొంబు దాషికి ఆ రుచి ఎక్కడిది అని తవ్వితే గ్లుటమేట్ బయటపడింది, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు, మరుసటి ఏడు అది అజినోమోటోగా బజారుకొచ్చింది. 1913లో ఆయన శిష్యుడు షింతారో కొడామా కత్సువోబుషిలో ఇనోసినేట్ అనే ఇంకో ఉమామి పదార్థం కనిపెట్టాడు. ఈ రెండూ కలిస్తే రుచి కూడిక లెక్కన కాదు, దాదాపు గుణకారం లెక్కన పెరుగుతుంది, కొంబునీ చేపనీ కలిపి వేయడంలో ఉన్న కిటుకు అదే. వంటవాళ్ళకి ఇది ఎప్పటి నుంచో నాలుక మీద తెలుసు, కారణం తర్వాత దొరికింది. విషం అంటారా, అదే గ్లుటమేట్ మీ టమాటా పప్పులోనూ ఉంది. అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ఎఫ్‌డీఏ కూడా దాన్ని సాధారణంగా సురక్షితమైన పదార్థాల్లోనే లెక్కేసింది. ప్యాకెట్‌లో వచ్చే ఇన్‌స్టంట్ దాషి పొడిలో మటుకు ఎంఎస్‌జీ (అంటే అజినోమోటోయే), ఉప్పు మామూలుగా ఉంటాయి, అది వాడితే కయెషి తగ్గించండి.

అరగంట మరిగించడం మొదటి సగం నిజం. టోక్యో సోబా కొట్లలో దళసరిగా తరిగిన కత్సువోబుషిని అరగంటా గంటా మరిగిస్తారు, చాలా చోట్ల కొంబు వేయరు కూడా. కానీ ఆ మాట కొంబుకి అంటించకూడదు. నేను ఒకసారి చేసి చూశాను, బెండకాయ జిగురులా సాగింది, పైగా నాచు వాసన. లీటరు నీళ్ళకి 10 గ్రాముల కొంబు వేసి అరగంట నాననిచ్చి సన్నటి సెగ మీద పెట్టండి, అడుగున చిన్న బుడగలు లేస్తుండగానే తీసేయండి. తర్వాత నీళ్ళు మరిగాక పొయ్యి ఆపి 20 గ్రాముల పల్చటి కత్సువోబుషి వేసి, ఒకటి రెండు నిమిషాలయ్యాక వడకట్టేయండి, పిండొద్దు. కొంబు మీద తెల్లటి పొడి కనిపిస్తే బూజు అనుకుని కడిగేయకండి, రుచిలో కొంత దానిదే.

"ప్యూర్ వెజ్" అన్న మాట వల్ల నిజంగా నష్టపోయేవాళ్ళున్నారు. సీసాలో అమ్మే త్సుయులో చాలావాటిలో చేప సారం ఉంటుంది, జపాన్ నుంచి ఎవరో తెచ్చిచ్చిన సీసా మీద మన ఆకుపచ్చ చుక్క వెతికినా దొరకదు. మీరు శాకాహారులైతే కొంబుతో పాటు నాలుగైదు ఎండు షిటాకే పుట్టగొడుగులు చల్లటి నీళ్ళలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టండి, జపాన్‌లో బౌద్ధ మఠాల వంటకి దాషి అలాంటిదే. చేప తినేవాళ్ళు "మన ఎండు నెత్తళ్ళు వేయొచ్చా" అని అడుగుతారు. జపాన్‌లో వాడే నిబోషి కూడా ఆ జాతి చేపే, కాకపోతే ఉప్పునీళ్ళలో ఉడికించి ఎండబెడతారు. మనవి వేస్తే తలా పొట్టా తీసేసి వేయండి, నీచు కాస్త ఎక్కువే ఉంటుంది.

ఆరు నెలల నిలవ రెండో సగం నిజం. కయెషి ఒక్కటే అయితే ఫ్రిజ్‌లో నెలల తరబడి ఉంటుంది. దాషి కలిపాక మూడు రోజుల్లో వాడేయాలి. 50 మిల్లీలీటర్ల మిరిన్‌ని మరిగించి ఆల్కహాల్ పోగొట్టి, 45 గ్రాముల పంచదార కరిగించి, 250 మిల్లీలీటర్ల సోయా సాస్ పోసి, పొంగు రాకముందే దించేసి వారం పక్కన పెట్టండి. మిరిన్ దొరక్కపోతే నీళ్ళు, ఇంకాస్త పంచదార. మొత్తం పని పదిహేను నిమిషాలు లేదు.

చివర్లో వీడియోలో ఆ గ్లాసు మొత్తం నూడుల్స్ మీద గుమ్మరించాడు. టోక్యోలో యాబు అనే సంప్రదాయం పాటించే సోబా కొట్లలో త్సుయు ఎంత చిక్కగా, ఘాటుగా ఉంటుందంటే సోబా కొసలు మాత్రమే ముంచి జుర్రుకుంటారు. అడుగున మిగిలిన త్సుయులో సోబా ఉడికించిన వేడి గంజి పోసుకుని తాగేస్తారు. వీడియో ఆయన్ని ఆ వెనిగర్ గ్లాసులో కూడా గంజి పోసుకుని ఒక్క గుక్క తాగి చూపించమనండి.