సరిహద్దు గారికి ఒక తండ్రి లేఖ

మహారాజశ్రీ సరిహద్దు గారికి,

పర్లాకిమిడి నుంచి ఒక కన్నతండ్రి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ తమరూ క్షేమమని తలుస్తాను. తమరి విషయంలో ఏది ఇక్కడో ఏది అక్కడో నాకెప్పుడూ అంతుచిక్కదు. ఇటు మేము, ఒడిశా. ఏరు దాటితే పాతపట్నం, ఆంధ్ర. నడుమ మహేంద్రతనయ. ఆ నడుమనే మా అబ్బాయి కూడా.

వాడికి 26 నిండాయి. డిగ్రీ చేతికొచ్చి అయిదేళ్లయింది. ఈ అయిదేళ్లూ వాడికి కొండంత అండ తమరే. ఒడిశా పరీక్షలు రాయరా అంటే, "ఏడో తరగతి స్థాయి ఒడియా పాసైన కాగితం అడుగుతారు నాన్నా" అంటాడు. ఒడియా గడగడా చదువుతాడు, వీధిలో దెబ్బలాడేదీ ఒడియాలోనే. కాగితం మాత్రం లేదు. పోనీ ఆంధ్రలో రాయరా అంటే, "అక్కడ నేను నాన్‌లోకల్." విశాఖపట్నం వెళ్లి ఏదైనా ప్రైవేటు పని చూసుకోరా అంటే, "ఈలోగా నోటిఫికేషన్ వస్తే?" ఏ రాష్ట్రానిదిరా? "ఏదైనా రావచ్చుగా!" రెండు ప్రభుత్వాల కోసం ఏకకాలంలో ఎదురుచూడటం సామాన్యమైన పని కాదు, పాపం. మంచం దిగడానికి తీరికే ఉండదు.

దిగేది పదకొండుకు. వాళ్లమ్మ గిన్నె ముందు పెడుతుంది. ఒడియావాళ్లు పఖాళ అంటారు, మేము చద్దన్నం అంటాం. ఏ వైపు వారినీ చిన్నబుచ్చకుండా పెరుగు, ఉల్లిపాయ, వేయించిన వడియాలు నంజుకుంటూ, ఎడమచేతి బొటనవేలితో ఫోను తోసుకుంటూ, ముప్పావుగంట తింటాడు. చల్లారిపోతుందన్న తొందర కూడా లేదు, అది నిన్న రాత్రే చల్లారింది.

ఈ ఊరిని కొత్తగా ఏర్పడ్డ ఒడిశాలో కలుపుతూ తమరు పుట్టింది 1936 ఏప్రిల్ 1న. తేదీ చూసైనా నేను జాగ్రత్తపడవలసింది. ఈ ఊళ్లోనే మాస్టారుగా పనిచేసి, ఇక్కడి కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు తమరు వచ్చిన ఏడాదే ఇల్లూ వాకిలీ వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. ఈ సంగతి మా వాడికి చెప్పాను. "చూశావా, పెద్దవాళ్లకే ఇక్కడ కుదరలేదు" అని అటు తిరిగి పడుకున్నాడు.

అసలు తమరితో ఈ చెలిమి మొదలుపెట్టింది నేనే, ఒప్పుకుంటాను. ఏడో తరగతి దాకా తెలుగు బడి, మన భాష పోకూడదని. తర్వాత ఇంగ్లీషు మీడియం, పక్కింటివాళ్లు చేర్పించారని. ఇంటర్ అటువైపు, ఒక పెళ్లి పంక్తిలో పక్కన కూర్చున్నాయన ఆంధ్రలో చదివితేనే భవిష్యత్తు అన్నాడని. ఆయన ఎవరో ఇప్పటికీ తెలియదు, గారెలు మాత్రం బాగున్నాయి. డిగ్రీకి మళ్లీ ఇటువైపు, బస్సు చార్జీలు కలిసొస్తాయని. ఇన్ని దాటింపుల్లో "నీకేది ఇష్టంరా" అని ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేస్తాడేమోనని భయం.

ఇప్పుడొక కొత్త ముచ్చట. నెల రోజులుగా సాయంత్రాలు ఒక జిరాక్స్ కొట్లో కూర్చుంటున్నాడట. అటునుంచి వచ్చే తెలుగువాళ్లకు ఒడియా దరఖాస్తులు నింపి పెడతాడు, ఇటువాళ్లకు తెలుగు కాగితాలు చదివి చెబుతాడు. కాగితానికి ముప్పై రూపాయలు. నాకు చెప్పలేదు, మా బావమరిది చూసి చెప్పాడు. అదీ ఒక ఉద్యోగమేనా అని నేను రెండు రోజులు మాట్లాడలేదు. వాడు గమనించినట్టు లేదు. నిన్న రాత్రి టీవీ మీద నాలుగు వందల ఇరవై పెట్టి పోయాడు. నేను ముట్టుకోలేదు. పొద్దున చూస్తే వాళ్లమ్మ అందులోంచే పాలవాడికి లెక్కకడుతోంది.

కాబట్టి తమరు ఎటైనా ఒక పక్కకు జరగమని అడుగుదామని మొదలుపెట్టిన ఈ ఉత్తరాన్ని ఆ ఒక్కటీ అడగకుండా ముగిస్తున్నాను. ప్రస్తుతానికి అక్కడే ఉండండి. జవాబు ఒడియాలో రాసినా ఫర్వాలేదు, చదివిపెట్టడానికి ఇంట్లో మనిషి ఉన్నాడు. ముప్పై రూపాయలు నేనే ఇచ్చుకుంటాను. పోస్టుమాన్‌ను మాత్రం పదకొండు దాటాక పంపించండి.

ఇట్లు,
తమరి గట్టునే కాపురముంటున్న
ఒక తండ్రి