మూడు ఊళ్లలో ఉన్న మన స్తూపం

వేసవి సెలవుల్లో లండన్ నుంచి ఆంధ్రప్రదేశ్ వెళ్తే మనం చూసేవి దాదాపు ఒకటే: తిరుమల, బెజవాడ కనకదుర్గమ్మ, బంధువుల ఇళ్లు, బట్టల కొట్లు. అమరావతి వెళ్లినా అమరలింగేశ్వరుణ్ణి దర్శించుకుని కారెక్కేస్తాం. గుడి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న బౌద్ధ మహాస్తూపాన్ని పిల్లలకు చూపించేవారు తక్కువ. నాకు ఇది చాలా బాధగా ఉంది.

చూస్తే అక్కడ మిగిలింది చిన్న దిబ్బ, కొన్ని పలకలు. శాతవాహనుల కాలంలో సుమారు 50 మీటర్ల వ్యాసంతో ధాన్యకటకంలో (అమరావతి పాత పేరు) వెలిగిన కట్టడమది. 18వ శతాబ్దం చివర్లో అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టుకుంటున్నప్పుడు రాళ్ల కోసం దిబ్బను తవ్వారు. కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించిన బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికి మధ్యభాగం చెరువుగా మారింది. 1845లో మరో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు ఓడెక్కాయి. తప్పు తెల్లవాళ్లదే అని పిల్లలకు చెప్పడం సులువు. మనవాళ్ల పలుగు ముందు పడిందని కూడా చెప్పాలి.

అందుకే ఈ స్తూపాన్ని ఇప్పుడు అమరావతి, చెన్నై ఎగ్మూరు మ్యూజియం, లండన్ కలిపి చూడాలి. లండన్‌లో ఉన్న మనకు బ్రిటిష్ మ్యూజియం 33ఎ గది ఎంత దూరం? ప్రవేశం ఉచితం. చాలామంది పాలరాయి అనుకునే ఆ శిల్పాలు నిజానికి పలనాటి సున్నపురాయివి. వాటిలో ఒక పలక ముందు నేను ఎంతసేపైనా నిలబడతాను. ఒకవైపు బుద్ధుడి రూపం లేకుండా ఖాళీ ఆసనానికి మొక్కుతున్న భక్తులు, తర్వాతి తరాల శిల్పులు దాన్ని తిప్పి రెండోవైపు చెక్కిన నిండు స్తూపం. పోయిన కట్టడం ఎలా ఉండేదో ఆ రాయే చెబుతుంది.

అమరావతి శాసనాల్లో రాజుల కన్నా నన్ను కదిలించినవాడు విధికుడు. చర్మకారుడు. పూర్ణఘటం (నిండు కుండ) చెక్కిన పలకను దానమిచ్చి, తన పేరు రాయించుకున్నాడు. తొలి తెలుగు మాటగా మనం చెప్పుకునే ‘నాగబు’ను పండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించింది కూడా అమరావతి రాతి మీదే.

ఆ శిల్పాలు కృష్ణ ఒడ్డుకు తిరిగి రావాలనే నేను కోరుకుంటాను. అది జరిగేదాకా అవి మన పిల్లలకు అపరిచితంగా ఉండిపోకూడదు. మన సంఘం తెలుగు బడి ఈ ఏడాది చివరి పాఠాన్ని ఆ గదిలో పెట్టాలని నా ప్రతిపాదన. పలకల ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ల నోట్‌బుక్కుల్లో విధికుడి పేరు తెలుగులో రాయిద్దాం.