పాత గోడకు సిమెంటు పూయమన్న ఆ మెసేజ్ గురించి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. మొదట మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. తర్వాత ఇంటర్ స్నేహితుల గ్రూపులో, ఆ తర్వాత పెళ్లి కబురుంటే తప్ప ఎవరూ నోరు విప్పని బంధువుల గ్రూపులో. నిన్న రాత్రి తెనాలి దగ్గర మా సొంతూరి నుంచి బాబాయి నేరుగా నాకే పంపారు, "చదువు, అన్నీ నిజాలే" అని. మూడుసార్లు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను. బాబాయి ఉంటున్నది మా తాతగారు కట్టించిన మండువా ఇంట్లోనే. మండువా అంటే ఇంటి నడుమ పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచి వదిలిన చోటు.

చూడనివాళ్ల కోసం అందులో ఏముందో చెబుతాను. పేరు "పాత ఇల్లు ఉన్నవారికి హెచ్చరిక". పాత పెంకుటిళ్ల ఆయుష్షు యాభై ఏళ్లేనట. మండువా తెరిచి ఉంచితే ఇంటికి దోషమట, రేకు వేసి మూసేయాలట. కూల్చి కట్టే స్తోమత లేనివాళ్లు గోడలన్నిటికీ సిమెంటు ప్లాస్టరింగ్ చేయిస్తే ఇంకో వందేళ్లు ఢోకా లేదట. ఆర్కిటెక్చర్ కాలేజీ పిల్లలు కొలతలకు వస్తే గడప తొక్కనీయకూడదట, వాళ్లు రాసుకుపోయాక ప్రభుత్వం వారసత్వ కట్టడమని చెప్పి ఇల్లు లాగేసుకుంటుందట. పాత ఇళ్లను పొగిడేవాళ్లెవరూ వాటిలో కాపురం చేయరట. అన్నీ అయ్యాక చివర్లో ఒక ఫోన్ నంబరు: "పాత టేకు స్తంభాలు, ద్వారబంధాలు మంచి ధరకు కొనబడును."

ఎవరి లాభం కోసం రాశారో ఆ ఆఖరి లైనే చెబుతోంది. అయినా రాసినవాడి బుద్ధి మంచిది కానంత మాత్రాన ప్రతి మాటా అబద్ధం కాదు. నేను ఆర్కిటెక్ట్‌ని. చదువుకునే రోజుల్లో కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో ఇళ్లు కొలుస్తూ తిరిగాను. ఇప్పుడు విజయవాడలో నా పనిలో సగం పాత ఇళ్ల మరమ్మతులే. కాబట్టి ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతాను.

యాభై ఏళ్ల ఆయుష్షు సంగతి ముందు తేల్చేద్దాం. విజయవాడ బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం ముందు నుంచి రోజూ వేలమంది వెళ్తుంటారు. దానికి పునాది వేసింది 1887లో. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సమయంలో పింగళి వెంకయ్య గారు గాంధీగారికి జెండా నమూనా అందించేనాటికే దానికి ముప్పై ఏళ్లు దాటాయి. బాగుచేసి, పక్కన కొత్త భవనం చేర్చి, 2020లో మళ్లీ తెరిచారు. అది సర్కారు భవనం, మనది మామూలు ఇల్లు అంటారా? ఇల్లయినా అంతే. పైన పెంకు కారకూడదు, కింద గోడ కాళ్లు తడవకూడదు. ఈ రెండూ చూసుకున్న ఇంటికి గడువు తేదీ ఉండదు. చూసుకోని ఇంటికి యాభై ఏళ్లు కూడా ఎక్కువే, అది కాంక్రీటుదైనా సరే.

మండువా దోషం మాట మీద ఎక్కువ చెప్పను. దోషమే అయితే మన ముత్తాతలు ఊరూరా ఎందుకు కట్టుకున్నారు? వాళ్లకంటే శాస్త్రం తెలిసినవాళ్లా ఈ రేకుల సలహా ఇచ్చేవాళ్లు? నేను చూసింది మాత్రం చెబుతాను. లోపల చేరిన వేడిగాలి పైకిపోయే దారి మండువా. దాని మీద ఫైబరు రేకు కప్పిన ఇళ్లలో మే నెల మధ్యాహ్నం నిలబడలేకపోయాను. కోతుల బెడద ఉంటే ఇనుప జాలీ వేయించండి, గాలి ఆడుతుంది.

ఇక అసలు మాట, సిమెంటు. ఈ మెసేజ్‌లో మిగతావన్నీ కలిపి చేసే నష్టం కంటే ఈ ఒక్క సలహా చేసే నష్టం ఎక్కువ. ఎందుకంటే ఇది ఇంటి మీద ప్రేమ ఉన్నవాళ్ల చేతనే ఇంటిని పాడుచేయిస్తుంది.

మా ఇంట్లోనే జరిగింది. నేను ఇంజనీరింగ్ ఎంట్రన్సులకు చదువుతున్న ఏడు ఉత్తరం గోడ కింద సున్నం పెచ్చులు రాలుతుంటే, ఒక మేస్త్రీ వచ్చి అంతా చెక్కేసి నడుమెత్తు వరకు సిమెంటు పూశాడు. ఏడాది పాటు అద్దంలా ఉంది. వచ్చిన వాళ్లందరికీ నానమ్మ చూపించేది. రెండో వానాకాలానికి చెమ్మ సిమెంటు పూసిన చోటు దాటి పైకి, చేయెత్తితే అందేంత ఎత్తుకు ఎక్కింది. మూడో ఏడు సిమెంటు పలకలు పలకలుగా ఊడిపడింది. ఊడుతూ తనతో పాటు ఇటుక ముఖాన్ని కూడా లాక్కుపోయింది. లోపల ఇటుక వేలితో గీస్తే పొడిపొడిగా రాలింది. ఆ మేస్త్రీ మోసగాడు కాదు, తనకు తెలిసింది చేశాడు. ఇప్పటికీ మన జిల్లాల్లో నూటికి తొంభైమంది చేసే పని అదే, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన పాత గోడల కింద చెమ్మను ఆపే పొర ఏదీ ఉండదు. నేలలో తడి ఉంటే దీపపు వత్తి నూనె పీల్చినట్టు గోడ పీల్చుకుంటుంది. కృష్ణా డెల్టాలో నేలలో తడికి కరువేముంది? ఒక పక్క కాలువలు, మరో పక్క నల్లరేగడి. సున్నపు పూతకు సన్నని రంధ్రాలు ఉంటాయి కాబట్టి ఎక్కిన తడి ఎప్పటికప్పుడు బయటికి ఆరిపోతుంది. తడితో పాటు వచ్చిన ఉప్పు పూత మీద పేరుకుంటుంది, పూత పెచ్చులుగా రాలుతుంది. రాలాల్సిందే. గోడను కాపాడటానికి తాను రాలిపోయే పొర అది. కొన్నేళ్లకోసారి మళ్లీ పూసుకుంటారు, గోడ మాత్రం గోడలాగే ఉంటుంది.

ఆ తడిగోడ మీద సిమెంటు పూయడం తడిబట్టలు విప్పకుండా పైన రెయిన్‌కోటు వేసుకోవడమే. తడికి బయటికి దారి ఉండదు. దారి దొరికేదాకా పైకి ఎక్కుతుంది. ఉప్పు సిమెంటు వెనకాల గడ్డకట్టి ఇటుకను లోపలినుంచి పొడి చేస్తుంది. అలా ఎక్కిన తడి, పైనుంచి కారిన తడి దూలం గోడలో దిగిన చోట చేరాయంటే అక్కడ కొయ్య కుళ్లుతుంది, చెదలు పడతాయి. బయటికి చూస్తే గోడ నున్నగా ఉంటుంది, లోపల దూలం కొస పిండి అయి ఉంటుంది. ఒకరోజు కప్పు కూలుతుంది. "చూశావా, పాత ఇల్లు కదా, కూలిపోయింది" అంటారు. ఆ నింద పాత ఇంటికి కాదు, పైన పూసిన సిమెంటుకు పడాలి.

ఇంకో సంగతి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది. గోడ కాస్త కదులుతుంది. సున్నం కొంతవరకు దానితో పాటు సర్దుకుంటుంది. వెంట్రుకవాసి బీటలు పడితే వాననీటికి కాస్త సున్నం కరిగి, ఆ బీటలోనే మళ్లీ గట్టిపడి పూడ్చుకుంటుంది కూడా. సిమెంటు వంగదు, పగులుతుంది, ఆ పగుల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. పైన పూసేది ఎప్పుడూ లోపలి గోడకంటే మెత్తగా ఉండాలి. ఈ ఒక్క ముక్క గుర్తున్న మేస్త్రీ దొరికితే మీ అదృష్టం.

మరి గోడ ఎందుకు తడిసిందని ఎవరైనా అడిగారా? మన ఊళ్లలో సమాధానం చాలాసార్లు వీధిలోనే ఉంటుంది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ రోడ్డు, దాని మీద మళ్లీ ఇంకో రోడ్డు. మా ఇంటికి ఒకప్పుడు అరుగెక్కాలంటే మూడు మెట్లు ఉండేవి. ఇప్పుడు అరుగు, రోడ్డు సమానం. వీధిలో పడిన వానంతా గోడ మొదట్లోనే నిలుస్తుంది. అక్కడ మురుగు కాలువ సరిచేయకుండా, చూరు నీళ్లు దూరంగా పోయేట్టు చేయకుండా, గోడకు ఏం పూసినా దండగే. ముందు నీళ్లు తప్పించాలి. తర్వాత సిమెంటు జాగ్రత్తగా ఊడదీసి, ఒక ఎండాకాలమంతా గోడను ఆరనివ్వాలి. ఆ తర్వాతే సున్నం.

సున్నం పని ఖరీదే, ఆలస్యమే, ఒప్పుకుంటాను. రాయి సున్నాన్ని నానబెట్టి వారాలు మాగనివ్వాలి, ఇసుకతో గానుగ పట్టించాలి, పలచగా పొర మీద పొర పూసి, ఎండ తగలకుండా తడుపుతూ ఉండాలి. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపడం అంతా ఈ మాగబెట్టడం సరిగ్గా జరిగితేనే పనికొస్తుంది. దుకాణంలో బస్తా సున్నం కొని ఆ పూటే పూసేసి, "సున్నం నిలవలేదు" అంటే ఎలా? పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు. నేనే ఒక్కోసారి మనిషి కోసం నెల ఆగాను. అయినా ఆగడమే మేలు.

ఇప్పుడు కొలతల పిల్లల సంగతి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008లో వచ్చింది, చుట్టుపక్కల ఇంకా కాలేజీలున్నాయి. పాత కట్టడాన్ని కొలిచి గీయడం వాళ్ల చదువులో భాగం. ఒక విద్యార్థి టేపు పట్టుకుంటే ఇల్లు ప్రభుత్వానిది అయిపోయే చట్టం ఈ దేశంలో లేదు. 1958 నాటి కేంద్ర చట్టం కింద రక్షిత కట్టడం కావాలంటే కనీసం వందేళ్ల పాతది కావాలి, జాతీయ ప్రాముఖ్యం ఉండాలి, ముందు నోటీసు ఇచ్చి అభ్యంతరాలకు రెండు నెలలు గడువివ్వాలి. ప్రకటించాక కూడా యాజమాన్యం దానంతటదే మారిపోదు. పాత కట్టడాల పరిరక్షణ కోసం 1984లో మొదలైన ఇంటాక్ లాంటి సంస్థలు తయారుచేసే జాబితాల్లో పేరున్నంత మాత్రాన చట్టపరంగా ఏమీ కాదు. మీ పెంకుటింటి కోసం ఢిల్లీ నుంచి ఎవరూ దిగరు! దిగితే బాగుండేదని నేను కోరుకున్న ఇళ్లు ఎన్నో నా కళ్లముందే నేలమట్టమయ్యాయి.

ఈ భయానికి మూలం ఎక్కడుందో కూడా తెలుసు. అదే చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం ఉండవల్లి గుహల్లాంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్లలో కొత్త కట్టడాలు నిషేధం, ఆ పైన రెండు వందల మీటర్లలో అనుమతి తీసుకోవాలి. ఆ పరిధిలో ఉన్న కుటుంబాలు కొడుకు పెళ్లికి ఒక గది వేసుకుందామన్నా ఆగాల్సి వస్తుంది. వాళ్ల బాధ నిజం. దానికీ మీ వసారా కొలిచే పిల్లలకీ సంబంధం మాత్రం లేదు.

అయితే ఇక్కడ మా వైపు తప్పు ఒకటి ఉంది, దాచను. మేము వస్తాం, రెండు రోజులు ఇల్లంతా తిరుగుతాం, ఆ ఇంటి ఇల్లాలు పెట్టిన భోజనం తింటాం, అటకలెక్కి దూలాలు కొలుస్తాం, వెళ్లిపోతాం. ఆ బొమ్మలు కాలేజీలో మార్కులకు, తర్వాత లైబ్రరీకి. ఇంటివాళ్లకు ఒక్క కాగితం చేరదు. నేను చదువుకునేటప్పుడు పదకొండు ఇళ్లు కొలిచాను, ఒక్కరికి కూడా ప్లాను తిరిగి ఇవ్వలేదు. ఆ ప్లాను ఉంటే ఏ గోడ బరువు మోస్తోందో, ఏది అడ్డుగోడో వాళ్లకు తెలిసేది, తీయకూడని గోడ తీయకుండా ఉండేవాళ్లు. ఏమీ తిరిగివ్వని మనుషులను అనుమానించడంలో తప్పేముంది? కాబట్టి పిల్లలు వస్తే రానివ్వండి, కానీ ఒక షరతు పెట్టండి: ప్లాను, ఇంటిని నిలువునా కోసినట్టు చూపే నిలువుకోత బొమ్మ, ఎక్కడ చెమ్మ ఉందో రాసిన కాగితం మాకూ ఇవ్వాలని. ఇవ్వనంటే పంపేయండి.

పొగిడేవాళ్లెవరూ వాటిలో ఉండరన్న మాట నన్ను గుచ్చింది, ఎందుకంటే అది నిజం. నేను ఉంటున్నది అపార్ట్‌మెంట్‌లో. అర్ధరాత్రి వానలో పెరడు దాటి బాత్రూముకు వెళ్లేది పిన్ని. పెంకుల సందుల్లోంచి రాలిన దుమ్ము రోజూ ఊడ్చేది పిన్ని. మోకాళ్ల నొప్పులతో ఎత్తు గడపలు దాటేదీ ఆమే. ఆమెకు సుఖం లేని ఇంటిని "మన సంస్కృతి" అని నిలబెట్టమనే హక్కు నాకు లేదు. ఇల్లు మారాలి. వెనక వసారాలో, పాత గోడల్లోంచి పైపులు పోనీయకుండా, విడిగా బాత్రూము కట్టొచ్చు. ఒక గదికి పెంకుల కింద చెక్క సీలింగు వేసి ఏసీ పెట్టొచ్చు. వంటింటికి పొగ గొట్టం, గడపల దగ్గర చిన్న వాలు. ఇవేవీ చేయకుండా ఉంటే ఇల్లు మ్యూజియం అవుతుంది, పిన్ని దానికి కాపలా మనిషి అవుతుంది.

అన్ని ఇళ్లనూ నిలబెట్టమని కూడా నేను అనను. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. మట్టి గోడ అలా నీళ్లలో నానితే కూలుతుంది, లోపల మనుషులుంటే ప్రాణాలే పోతాయి. పల్లంలో ఉన్న మట్టి గోడల ఇల్లయితే కొలిచి, ఫొటోలు తీసి, విప్పేయమని నేనే చెబుతాను. మా ఇల్లు మెరకలో ఉంది, గోడలు ఇటుకవి.

బాబాయ్, ఆ నంబరుకు మీరు ఫోన్ చేశారని పిన్ని చెప్పింది. మండువా చుట్టూ ఉన్న ఆరు స్తంభాలు అలంకారానికి పెట్టినవి కావు, కప్పు బరువంతా వాటి మీదే ఉంది. కొనేవాళ్లు వాటిని తీసుకుని, బదులుగా ఇనుప పైపులు ఆనించి వెళ్లిపోతారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తరు. మేస్త్రీకి సిమెంటు పనికి ఇచ్చిన అడ్వాన్సు పోతే పోనీయండి, అది నేనిస్తాను. శనివారం పొద్దున్నే ఏడింటి బండికి వస్తున్నాను. వీధిలో మురుగు కాలువ మూత మాత్రం నేను వచ్చేలోపు తీయించి ఉంచండి, ముందు చూడాల్సింది అక్కడే.