ఇన్ని కప్పులు ఎవురికి సామీ

ఫుట్‌బాల్ ఆడే ఆ దేశాల్లో ఎండాకాలం వస్తే ఈడ చూసే మాకు నిద్ర కరువప్పా. 2024లో జర్మనీలో యూరో అని యూరప్ దేశాల కప్పు, అమెరికాలో కోపా అని దక్షిణ అమెరికా దేశాల కప్పు, రెండు ఫైనళ్లూ మనకు జులై 15నే, ఒకటి రాత్రి 12:30కి, ఇంకోటి తెల్లార్తో, అదీ గేట్ల కాడ జనం తోసుకొని గంటపైన లేటు, ఈడ అనంతపురంలో కరెంటు పోయి దోమలు పీకుతాంటే ఫోన్లో చూసి పొద్దున్నే ఉగ్గాని ప్లేటు ముందర కునుకు తీసినా. సరే అనుకుంటే 2025లో 32 టీముల క్లబ్ వరల్డ్ కప్పు అంట, 2026లో దేశాల వరల్డ్ కప్పుకి 48 టీములు, 104 మ్యాచ్‌లు! పాపం ఆ స్పెయిన్ ఆటగాడు రోడ్రి, ఇన్ని మ్యాచ్‌లు ఆడలేక సమ్మె దాకా వచ్చినామని అన్యాడు, వారం తిరక్కుండానే మోకాలు పాయె. మా ఇంట్లో ఆమె అయితే, వాళ్లకు దుడ్లన్నా వస్తాయి, నీకేమొస్తాది అంటాది.