గోడ మీద నీటి గీత

(విజయవాడ సింగ్‌నగర్‌లో ఓ ఇంటి వసారా. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు ఈ ప్రాంతాన్ని ముంచెత్తాయి. ఏ వీధి ఎంత లోతు మునుగుతుందో మ్యాపు గీసి, అందరూ చూసేలా పెట్టాలా వద్దా అన్నది వాదన. అమ్మాయి వరద మ్యాపులు గీసే ఇంజనీరు. బాబాయిది ఈ ఇల్లు.)

బాబాయి: వద్దంటున్నాను తల్లీ. చీటీలు పాడి, నగలు తాకట్టు పెట్టి కట్టుకున్న ఇల్లిది. మ్యాపులో ఎర్ర రంగు పడిందంటే కొనేవాడు రాడు, బ్యాంకు లోను ఇవ్వదు. వరద వచ్చింది, పోయింది. ఆ రంగు పోతుందా?

అమ్మాయి: కిటికీ పక్కన ఆ మట్టి గీత చూడు. టేపు పెట్టి కొలిచాను, నాలుగున్నర అడుగులు. వెనక సందులో మోకాలి లోతే. కొనేటప్పుడు ఇది పల్లమని ఎవరైనా చెప్పారా?

బాబాయి: చెప్పినా ఇక్కడే కొనేవాణ్ణి. బెంజ్ సర్కిల్ దగ్గర కొనే స్తోమత మనకెక్కడిది?

అమ్మాయి: కొనేవాడివే. కానీ బేస్‌మెంటు ఇంకో మూడడుగులు లేపేవాడివి. కరెంటు మీటరు పైకి పెట్టించేవాడివి. పిల్లల సర్టిఫికెట్లు కింది అరలో ఉండేవి కావు బాబాయ్.

బాబాయి: (కాసేపు ఆగి) సరే, ఒకటి అడుగుతాను. నీళ్లు నా ఇల్లు పల్లంలో ఉందని వచ్చాయా? బుడమేరు మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడితే వచ్చాయి. తెగింది కట్ట, ఎర్ర రంగు నాకా?

అమ్మాయి: నా పోరు కూడా అదే! బుడమేరు కొల్లేటికి పోయే ఏరు. వెలగలేరు దగ్గర దాన్ని కృష్ణలోకి మళ్లిస్తున్నాం. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో పారింది. నది అంత నిండుగా ఉంటే కాలువ నీళ్లు ఎక్కడికి పోతాయి? వానను మాత్రమే లెక్కేసి గీసిన మ్యాపు ఇక్కడ పనికిరాదు. పైనుంచి ఏరు, ఎదురుగా నది, మధ్యలో కట్ట తెగడం, మూడూ ఒకేసారి వస్తే ఏమవుతుందో లెక్క కట్టాలి.

బాబాయి: నది ఒడ్డునున్న కృష్ణలంకకు రిటైనింగ్ వాల్ కట్టారు, నిలబెట్టింది. ఆ డబ్బేదో మాకూ గోడకే పెట్టండి.

అమ్మాయి: ఎక్కడ, ఎంత ఎత్తు? ఈ ఒడ్డున లేపితే అవతలి ఒడ్డు మునగదా? ఆ లెక్క చేయకుండా గోడెలా కడతారు? ఇంకో మాట. వందేళ్ల వరద అంటే మళ్లీ వందేళ్ల దాకా రాదనుకుంటారు. ఏ ఏడాదికా ఏడాది నూటికి ఒక వంతు అవకాశమని దానర్థం. ముప్ఫై ఏళ్ల హోమ్‌లోను తీరేలోపు ఒక్కసారైనా రావడానికి నూటికి 26 వంతులు.

బాబాయి: అంతా? (గీత మీద చెయ్యి పెట్టి) అయినా నా మాట మారదు. రంగు వేస్తే దాని పక్కనే రాయండి, ఏ కట్ట ఎవరు బాగుచేయాలి, ఏ తారీకు లోపు అని. అది లేకుండా నా ఇంటి నంబరు వేయడానికి ఒప్పుకోను.

అమ్మాయి: తారీకు రాయించే అధికారం నాకు లేదు బాబాయ్. అడగడానికి నీ చేతిలో కాగితం ఉండాలి, ఆ కాగితం ఈ మ్యాపే.

బాబాయి: ఆలోచిస్తాను. సందు చివర గుడి గోడకు వచ్చే వారం వెల్ల వేస్తున్నారు. గీత అక్కడ ఇంకా పైకుంది. ఈలోపే వెళ్లి కొలుచుకో.