సవరణ: బ్లూస్ గాయకుడు సన్ హౌస్ దొరికింది మిసిసిపీలో కాదు

అమెరికా నల్లజాతి వారి సంగీతమైన బ్లూస్ కళాకారులను డిక్ వాటర్‌మన్ తీసిన ఫొటోల గురించి మొన్న రాసిన పోస్టులో రెండు విషయాలు సరిచేస్తున్నాను.

ఒకటి: ఏళ్ల తరబడి జాడ తెలియని పాతతరం గాయకుడు సన్ హౌస్‌ను వాటర్‌మన్ అమెరికా దక్షిణాన ఉన్న మిసిసిపీ డెల్టాలో కనుగొన్నాడని రాశాను. వాటర్‌మన్, ఆయనతో పాటు వెతికిన నిక్ పెర్ల్స్, ఫిల్ స్పైరో ముందు అక్కడికే వెళ్లి ఊరూరా వాకబు చేసిన మాట నిజం. సన్ హౌస్ మాత్రం 1964 జూన్‌లో ఎక్కడో ఉత్తరాన, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో దొరికాడు. 1940ల్లోనే అక్కడికి వలసపోయి, రైల్వేలో పనిచేసి, గిటార్ పక్కన పెట్టేశాడు. తన పాత పాటలు తనకే గుర్తు లేకపోతే ఆల్ విల్సన్ అనే కుర్రాడు పక్కన కూర్చుని గుర్తుచేశాడు. ఇంత పెద్ద కథను ఊరి పేరు మార్చి చెబితే ఆ వలస బతుకే కనబడకుండా పోతుంది. అందుకే ఈ సవరణ.

రెండు: ఆ ఫొటోల్లో సన్ హౌస్ చేతిలో మెరిసేది ఎలక్ట్రిక్ గిటార్ అని కింద రాశాను. కాదు, అది నేషనల్ కంపెనీ రెజొనేటర్ గిటార్. ఒళ్లంతా లోహమే, కరెంటుతో పని లేదు. తీగల కంపనం అవి ఆనుకునే బ్రిడ్జి మీదుగా లోపలున్న పల్చటి అల్యూమినియం కోన్‌కు (శంకువు ఆకారపు రేకుకు) చేరి, అక్కడ శబ్దం పెరుగుతుంది. వేలికి తొడిగిన గొట్టాన్ని తీగల మీద జారిస్తే ఆ ఏడుపులాంటి స్వరం వస్తుంది.

ఇంకో మాట. వాటర్‌మన్‌ను "ఫొటోగ్రాఫర్" అని మాత్రమే పరిచయం చేయడం చాలదు. సన్ హౌస్ లాంటి ముసలి బ్లూస్ కళాకారులకు కచేరీలు కుదిర్చి, వాళ్ల డబ్బు వాళ్లకు అందేలా చూసిన మేనేజర్ ఆయన. అంత దగ్గరి ఫొటోలు దక్కింది ఆ నమ్మకం వల్లే.