చిన్ని ఫ్రాన్సుకి, కాటా బజారుకి

మా చిన్ని ఎంబీఏ రెండో ఏడాదిలో ఒక సెమిస్టర్ ఫ్రాన్సులో చదవడానికి ఎంపికైందని తెలిసిన దగ్గర్నుంచి మా ఇంట్లో చదువు ఊసెత్తినవాళ్ళు లేరు. మాటలన్నీ పెట్టె గురించే. విమానం వాళ్ళు 23 కిలోల పెట్టె ఒకటి, 7 కిలోల చేతిసంచి ఒకటి తెచ్చుకోమన్నారు. మా వదిన లెక్కలో అది ఆవకాయకే చాలదు.

చిన్ని మా అన్నయ్య కూతురు. చదివేది సప్లై చైన్. ఏ సరుకు ఎక్కడ పుట్టి, ఏ దారిన, ఎంత ఖర్చుతో ఎక్కడికి చేరాలో లెక్కగట్టే చదువట. కోనసీమలో అంబాజీపేటకి కూతవేటు దూరంలో, కొబ్బరి కొట్ల మధ్య పుట్టిన పిల్లకి ఆ సంగతి చెప్పడానికి లక్షల ఫీజులెందుకని మా నాన్నగారి వాదన. నాన్నగారు రిటైరైన హెడ్మాస్టారు. అక్కడ మార్కులు ఇరవైకి వేస్తారనీ, పది వస్తే పాసనీ, పద్నాలుగు దాటితే బాగా చదివినట్టనీ చిన్ని చెప్పింది. "ఆ లెక్కన నా చేతికింద చదివిన వెధవలంతా మేధావులేనే" అని ఆయన చాలాసేపు విచారించారు.

ఫ్రాన్సు సంగతులు చెప్పించడానికి యానాం నుంచి తన స్నేహితుణ్ణి కూడా పిలిపించారు. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉంది కాబట్టి ఆయనకి తెలియకుండా ఎలా ఉంటుందని ధీమా. పాపం ఆ పెద్దాయన ఎదుర్లంక వంతెన దాటి, ఆటోలు మారి వచ్చారు. తీరా చూస్తే ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయేనాటికి ఆయన వయసు నాలుగేళ్ళు. "అక్కడ రొట్టె బావుంటుందమ్మా" అని చెప్పి, పెసరట్టు ఉప్మా తిని, వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

ఇక పెట్టె సర్దడం. చిన్ని ఫోన్లో యూరప్ కస్టమ్స్ నిబంధనలు తీసి చదువుతుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నాం. బయటి దేశాల నుంచి మాంసం, పాలు, వాటితో చేసినవి తీసుకురాకూడదు. అంటే మా వదిన వారం రోజులు వెన్న పోగేసి కాచిన నెయ్యి సీసా అక్కడికక్కడే నిషిద్ధ వస్తువైపోయింది. చేపలు, రొయ్యలు మాత్రం సొంతానికి 20 కిలోల దాకా తెచ్చుకోవచ్చు.

"నెయ్యి తప్పూ, ఎండు రొయ్య ఒప్పూనా?" అంది మా అమ్మ. నెయ్యి వేసుకోకుండా ముద్ద ఎత్తని మనిషి. ఆ పూటంతా ఫ్రాన్సు మీద ఆవిడకి సదభిప్రాయం కలగలేదు.

పళ్ళ దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. 2019 డిసెంబరు నుంచి పళ్ళకీ, కూరలకీ, ఆకులకీ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. మామిడిపండు లేదు, కరివేపాకు రెబ్బ లేదు. ఐదింటికి మాత్రం మినహాయింపు: అనాస, ఖర్జూరం, దురియన్, అరటి, కొబ్బరి. ఈ చివరి రెండు పేర్లూ వినగానే నాన్నగారు లేచి నిలబడ్డారు. "కోనసీమ కోసమే రాశారురా ఆ చట్టం!" అన్నారు. దురియన్ ఏమిటని అమ్మ అడిగింది గానీ ఆ ఉత్సాహంలో ఎవరూ పట్టించుకోలేదు.

ఈ మాట విని మా బావగారు, అంటే వదినకి అన్నగారు, గోనెసంచీడు కురిడీలు, అంటే ఎండిన కొబ్బరికాయలు, మోయించుకుని వచ్చారు. ఆయనది ఊళ్ళో పెద్ద కొబ్బరి కొట్టు. కాయైతే లెక్క మీద, ఎండుకొబ్బరైతే తూకం మీద కొంటారు. మేనకోడలు ఫ్రాన్సు పోతుంటే ఉత్త చేతుల్తో ఎలా పంపుతాననేశారు. అయితే యూరప్ ఒప్పుకున్నా విమానం ఒప్పుకోదు. ఎండుకొబ్బరిలో నూనె జాస్తి కాబట్టి వేడెక్కితే తనంతట తానే అంటుకునే ప్రమాదం ఉందట. విమానాల్లో దాన్ని ప్రమాదకరమైన సరుకుల్లో లెక్కేస్తారు. మన దేశంలో 2022 నుంచి పెట్టెలో కూడా పెట్టనివ్వడం లేదు.

బావగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మూడు తరాల్నించి గోదాం పక్క గదిలో పడుకుంటున్నామమ్మా" అన్నారు. ఆ రాత్రి మంచం వీధి అరుగు మీద వేయించుకున్నారని తర్వాత తెలిసింది.

కురిడీలు వెనక్కి వెళ్ళాయి. బదులుగా రెండు పచ్చికాయలు లోపలికి వచ్చాయి. ఆవకాయ, మాగాయ, కందిపొడి, వడియాలు, ఎండు రొయ్యలు, నర్సాపురం లేసు టేబుల్ క్లాత్ (హాస్టల్ గదిలో టేబుల్ ఉంటుందో లేదో మరి), రెండు కిలోల కుక్కరు సర్దేశారు. చిన్ని వెళ్ళేది లియాన్. పారిస్ నుంచి అక్కడికి రైల్లో రెండు గంటలు. ఆ మాట నోరు జారగానే, పారిస్‌లో కొడుకున్న పక్కింటి పిన్నిగారు "రెండు గంటలంటే మనకి కాకినాడేగా" అని ఒక పొట్లం ఇచ్చేశారు. చిన్నికి కాలేజీలో బేరసారాల మీద ఒక కోర్సు మొత్తం చెప్పారట. ఎదుటివాడికి ఏం కావాలో ముందు వినాలి, తర్వాత మన మాట చెప్పాలి అని. చిన్ని శ్రద్ధగా విన్నది. వినడం పూర్తయ్యేలోపు పొట్లం పెట్టెలో ఉంది.

ఇవన్నీ కలిపి ఎంత బరువో తేలాలి కదా. పెట్టె పట్టేంత ఎలక్ట్రానిక్ కాటా ఊళ్ళో బావగారి కొట్లోనే ఉంది. పెట్టె అక్కడికి మోసుకెళ్ళాం. ఎర్ర అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి 22.6 దగ్గర ఆగాయి. "ఇంకా నాలుగొందల గ్రాములుంది" అని వదిన ఇంటికి పరిగెత్తి మరో పొట్లం వడియాలు తెచ్చింది. 22.8. చేతిసంచి 6.2. బావగారు కాటా మీద చెయ్యేసి, "గ్రాము తేడా రాదు, మనది ముద్ర వేసిన కాటా" అన్నారు. ఆ కాటా సంగతి రైతులు టీకొట్ల దగ్గర గొణుక్కోవడం నేను చాలా ఏళ్ళుగా వింటున్నాను. నాకు ఇప్పటికీ వింతగా ఉండేదేమిటంటే, ఆ క్షణంలో బావగారు కూడా ఆ అంకెని మనస్ఫూర్తిగా నమ్మేశారు.

మధురపూడి విమానాశ్రయానికి వ్యాన్ మాట్లాడుకుని అందరం వెళ్ళాం. వ్యాన్ అబ్బాయి మా ఊరివాడే. నాలుగెకరాల తోట ఉంది, ఎండుకొబ్బరి వేసేది బావగారి కొట్లోనే. టికెట్ లేనివాళ్ళని లోపలికి పోనివ్వరు కాబట్టి చిన్ని ఒక్కతే లోపలికి వెళ్ళింది. మేమంతా అద్దాల బయట నిలబడి లోపల కనిపించిన ప్రతి జడకీ చేతులూపుతున్నాం.

కాసేపటికి ఫోన్ మోగింది. అందరం వినాలని అన్నయ్య స్పీకర్ పెట్టాడు.

"నాన్నా, పెట్టె 25.6 అంటున్నారు."

"ఎంతా?" అంది వదిన.

"ఇరవై ఐదు కిలోల ఆరువందలు. చేతిసంచి సరిగ్గా ఏడు. పక్క కౌంటర్లో కూడా పెట్టి చూశాం, అదే వచ్చింది."

"వాళ్ళ కాటా తప్పమ్మా" అన్నారు బావగారు వెంటనే. "ఈ కంపెనీలన్నీ ఇంతే, డబ్బులు గుంజడానికి."

చదువు అక్కరకొచ్చే ఘడియ అంటూ ఒకటి ఉంటుంది కాబోలు, సరిగ్గా అప్పుడే వచ్చింది. "కాదు మావయ్యా, ఒక్క నిమిషం" అంది చిన్ని. గొంతులో హుషారు. "మీ కాటా సున్నా దగ్గర తేడా ఉంటే రెండింటికీ ఒకే తేడా రావాలి కదా. సంచికి ఎనిమిది వందల గ్రాములే వచ్చింది, పెట్టెకి రెండు కిలోల ఎనిమిది వందలు వచ్చింది. అంటే బరువు పెరిగేకొద్దీ తేడా పెరుగుతోంది. నూటికి పదకొండు చొప్పున తక్కువ చూపిస్తోంది మావయ్యా! క్వింటాకి పదకొండు కిలోలు! మీరు అర్జెంటుగా బాగు చేయించుకోవాలి, ఎంత నష్టపోతున్నారో ఏమిటో!"

ఎవరు నష్టపోతున్నారో పాపం ఆ పిల్లకి తోచలేదు. వ్యాన్ అబ్బాయికి తోచింది. టీ గ్లాసు పట్టుకుని మా వెనకే నిలబడ్డాడు.

"స్పీకర్ ఆపవయ్యా" అన్నారు బావగారు అన్నయ్యతో. తర్వాత ఫోన్ లాక్కుని, "ఏమీ తియ్యకు తల్లీ. ఎక్కువైనదానికి డబ్బు నేను కడతాను, ఇప్పుడే ఫోన్ పే చేస్తున్నా, రసీదు తీసుకుని పద పద, విమానం వెళ్ళిపోతుంది" అన్నారు. విమానానికి ఇంకా గంటన్నర టైముంది. బావగారు అడక్కుండా డబ్బు తీయడం మా వదిన పెళ్ళిలో కూడా ఎవరూ చూడలేదు.

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో పాటల్లేవు. కడియం నర్సరీలు దాటాక ఆ అబ్బాయి అద్దంలోంచి చూస్తూ అడిగాడు. "బాబుగారండీ, కిందటేడు నేను మీకు ఎన్ని క్వింటాళ్ళు వేశానంటారు?"

"గుర్తులేదబ్బాయ్."

"నాకు గుర్తుందండి. ఆయ్."

జొన్నాడ వంతెన మీద ఒక ఫోన్ చేశాడు. రావులపాలెంలో డీజిల్ కోసం ఆగి ఇంకొన్ని చేశాడు. మేము ఊరు చేరేసరికి కొట్టు ముందు తిరణాల. ఎవరో సీలు తియ్యని 25 కిలోల బియ్యం బస్తా తెచ్చి కాటా మీద పెట్టారు. 22.3.

"మిల్లువాడు మోసం చేశాడర్రా" అన్నారు బావగారు.

ఇంకొకడు 20 లీటర్ల మంచినీళ్ళ క్యాన్ తెచ్చాడు. లీటరు నీళ్ళు కిలో అని నాన్నగారు జనానికి పాఠం చెప్పారు. వద్దంటున్నా వినకుండా చెప్పారు, మాస్టారు కదా. క్యాన్ బరువుతో సహా కాటా పద్దెనిమిదిన్నర చూపించింది. అందరూ బావగారి వైపు చూశారు.

"గోదావరి నీళ్ళు తేలికండి" అన్నారాయన.

మర్నాడు చిన్ని లియాన్ నుంచి ఫోన్ చేసింది. ఆవకాయ కారలేదు, కొబ్బరికాయ ఒకటి పగిలింది, ఆదివారం కాబట్టి దుకాణాలు చాలావరకు మూసేశారు, వీసాని మూడు నెలల్లోపు ఆన్‌లైన్లో ధ్రువీకరించుకోవాలట, అని చెప్పుకుపోతోంది. వదిన "తిన్నావా" అనేలోపు వెనకనుంచి చెయ్యొచ్చి ఫోన్ అందుకుంది. వ్యాన్ అబ్బాయి. వాడితోపాటు అరుగు నిండా రైతులు.

"అమ్మాయిగారండీ, ఆ రసీదు పారెయ్యలేదు కదండీ? 25.6 అని దాని మీద ఉందండీ? ఫోటో తీసి పంపండి. రెండువైపులానండి."

ఆ రాత్రి బావగారు కూడా విడిగా ఫోన్ చేశారట. చిన్ని నాకు తర్వాత చెప్పింది. "రసీదు ఎక్కడో పడిపోయిందని చెప్పు తల్లీ, తిరిగొచ్చే టికెట్ నేను తీస్తాను" అన్నారట.

"నువ్వేమన్నావే?" అని అడిగాను.

"ముందు ఆయనకేం కావాలో పూర్తిగా విన్నాను బాబాయ్" అంది. "తర్వాత, బిజినెస్ క్లాసేనా మావయ్యా అన్నాను."